బందరు సముద్రానికి ఇసుక

మా ఆయన పోయిన రోజు ముందుగదిలో ఈజిల్ మీద ఒక బొమ్మ ఉంది. వెడల్పు ముప్పై అంగుళాలు, ఎత్తు ఇరవై. పైన ఆకాశం వేయడం అయింది. మధ్యలో సముద్రం అయింది. ఎడమ పక్కన సరుగుడు తోపు మంచులో సగం కలిసిపోయినట్టు అయింది. కింద అయిదు అంగుళాల మేర ఏమీ లేదు. పలుచటి మట్టిరంగు పూత ఒకటి ఉంది, అంతే. అక్కడ ఇసుక రావాలి. ఆదివారం ఆయన నీళ్ల మీద ఉన్న పడవకు రెండో పూత వేసి ఆరడానికి వదిలేశారు. శుక్రవారం పొద్దున స్నానం చేసి, బనీను వేసుకుని, కుర్చీలో కూర్చుని పేపరు తెరిచారు. నేను టీ తెచ్చేసరికి పేపరు కింద పడి ఉంది. ఆయన కుర్చీలోనే ఉన్నారు. 1996, మాఘ బహుళ పంచమి.

ఆయనను పడుకోబెట్టడానికి ముందుగది కావలసి వచ్చింది. పక్కింటివాళ్లు కుర్చీలు బయట పెట్టారు, టీవీ మీద గుడ్డ కప్పారు. ఎవరో ఈజిల్‌ను కూడా ఎత్తబోయారు.

"దాన్ని ముట్టకుండ్రి, పడవ ఆరలేదు" అన్నాను.

అప్పటిదాకా నేను మాట్లాడలేదట. ఆయన పోయాక నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదేనని మా ఆడబిడ్డ తరువాత చాలామందికి చెప్పింది. చెప్పినప్పుడల్లా నా వైపు చూసేది. నేను ఏడవలేదు. ఏడవకూడదని అనుకోలేదు. రాలేదు, అంతే. బొమ్మను నేనే అంచులు పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. గోడ వైపు తిప్పలేదు. తిప్పితే తడి రంగు గోడకు అంటుకుంటుంది.

మాది హైదరాబాదు అశోక్‌నగర్‌లో మేడ మీది వాటా. ముందుగదికి ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంది. బొమ్మలు వేసేవాళ్లకు ఉత్తరపు వెలుతురు మంచిదట, ఎండ తిరగదు, పొద్దంతా ఒకేలా ఉంటుంది. ఆ సంగతి తెలిశాక ఆయన ఆ కిటికీ ముందున్న సోఫాను జరిపించి తన సామాను అక్కడ పెట్టుకున్నారు. వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చోవాలని నేను అడిగాను. వచ్చేవాళ్లు ఎవరున్నారు అన్నారు.

ఆయన ఉద్యోగమంతా కరెంటు ఆఫీసులో నక్షలు గీయడం, ఇతరులు గీసినవి సరిచూడడం. నేను నారాయణగూడలో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పాను. ఇద్దరమూ స్కేలుతో బతికినవాళ్లమే. 1993లో ఆయన రిటైరయ్యారు. నారాయణగూడలో ఒక టైలరు దుకాణం మీది అంతస్తులో నూనె రంగులు నేర్పే మాస్టరు ఉన్నాడని ఎవరో చెబితే వెళ్లి చేరారు. "ఇన్నేండ్లు స్కేలు పెట్టి గీసిన. ఇగ స్కేలు లేకుండ గీస్త" అన్నారు. వారానికి మూడు సార్లు చేతిసంచిలో కుంచెలు పెట్టుకుని, చిక్కడపల్లి మీదుగా నడిచి పోయేవారు. వచ్చేటప్పుడు మార్కెట్లో కూరలు తెచ్చేవారు. ఇంట్లో దోసకాయలకు కూడా టర్పెంటైన్ వాసన వచ్చేది. ఆ వాసనంటే నాకు తలనొప్పి. ఆయన పోయాక కొన్ని నెలలకు ఆ వాసన పోయింది. పోయిందన్న సంగతి నాకు వెంటనే తెలియలేదు.

మాస్టరుకు అప్పుడు నలభై ఏళ్లు ఉంటాయేమో. హైదరాబాదులో పుట్టి పెరిగినవాడు. చలికాలంలో తెల్లవారి తన విద్యార్థులను ట్యాంక్‌బండ్ మీదికి తీసుకుపోయి, నీళ్ల మీద మంచు ఎలా నిలుస్తుందో చూపించేవాడు. దూరం పోయినకొద్దీ ప్రతి రంగూ పలచబడి నీలంలోకి పోతుందని, అంచులు మెత్తబడతాయని, దగ్గరి వస్తువుకే ముదురు రంగు ఇవ్వాలని మా ఆయన అక్కడే నేర్చుకున్నారు. ఆయన కంటికి అలవాటైన నీళ్లు ట్యాంక్‌బండ్‌వే. అందుకే తొలిసారి సముద్రం వేసినప్పుడు నీళ్ల చివర ఒక సన్నని నల్లటి గీత కూడా వేశారు. మాస్టరు చాలాసేపు చూశాడట.

"సార్, సముద్రం మంచిగనే ఉన్నది. అవతలి గట్టు గూడ కనవడుతున్నది. బోటింగుకు టికెట్ ఎంత?"

ఆయన ఇంటికి వచ్చి ఈ మాట చెప్పి చెప్పి నవ్వారు. "సముద్రానికి అవతలి గట్టు ఉండదని రిటైరైనంక తెలిసింది నాకు" అనేవారు. ఆ బొమ్మను గీకేసి, అదే కాన్వాసు మీద చెరువు వేశారు.

రెండోసారి వేసినదే ఈ బొమ్మ. 1995లో దీపావళి వెళ్లాక మొదలు పెట్టారు. ఏ సముద్రం అని అడిగితే "బందరుది. మనం చూసినం గద" అన్నారు. మేమిద్దరం కలిసి చూసిన సముద్రం అదొక్కటే. చాలా ఏళ్ల కింద ఆయనతో పనిచేసిన ఒకాయన కూతురి పెళ్లికి బందరు వెళ్లాం. పెళ్లయిన సాయంత్రం పెళ్లివారు మమ్మల్నందరినీ వ్యాను ఎక్కించి మంగినపూడి బీచికి తీసుకుపోయారు. నీళ్లు బూడిదరంగులో ఉన్నాయి. కాళ్ల కింద బురదగా ఉంది. నా చెప్పులకు అంటిన మన్ను ఆరి, మరునాడు బస్సులో రాలింది.

ఈ బొమ్మలో నా పని క్యాలెండరు. నూనె రంగు నీళ్ల రంగులాగా కాదు. ఒక పూత మీద ఇంకో పూత వేయాలంటే కిందిది ఆరాలి, ఆరడానికి రోజులు పడుతుంది. కింది పూతల్లో టర్పెంటైన్ ఎక్కువ, అవిసె నూనె తక్కువ ఉండాలి. పైకి వచ్చినకొద్దీ నూనె పెరగాలి. ఇది తలకిందులైతే పైది ముందు ఆరిపోయి, కిందిది తరువాత ముడుచుకుని, బొమ్మ పగులుతుంది. ఆయన రంగు చేతికి వస్తే తేదీ మరిచిపోయేవారు. "ఏ పూత ఎన్నడేసిన్నో నువ్వు యాదికుంచుకో" అన్నారు. వంటింటి క్యాలెండరు మీద ఆకాశానికి ఆ అని, సముద్రానికి స అని రాసేదాన్ని. ఆయన కుంచె పట్టుకుని "వెయ్యొచ్చునా?" అని అరిచేవారు. నేను వెళ్లి మూలన చిటికెన వేలు ఆనించి చూసి, వెయ్యొచ్చనో, ఆగమనో చెప్పేదాన్ని. బొమ్మను నేను పెద్దగా చూడలేదు. ఆరిందా లేదా అనే చూశాను.

మా ఆడబిడ్డ నల్లకుంటలో ఉండేది. ఆయనకు ఒక్కతే చెల్లెలు. తండ్రి చిన్నప్పుడే పోతే ఆయనే చదివించి పెళ్లి చేశారు. ఆ ఏడు ప్రతి మాసికానికీ ఆటోలో వచ్చేది. చెయ్యి కడుక్కుని వంటలోకి దిగకముందే వెనక గదిలోకి వెళ్లి, బొమ్మ ముందు నిలబడి ఏడ్చేది. "అన్న చెయ్యి ఆడ్నే ఆగింది" అని కొంగు నోట్లో కుక్కుకునేది. నేను బియ్యం కడుగుతూ వినేదాన్ని. నాకు ఆమె ఏడుపు మీద కోపం లేదు. అసూయ కూడా లేదు. పక్కింట్లో నల్లా వదిలేస్తే వినిపించినట్టు వినిపించేది.

నాలుగో మాసికమో అయిదోదో, తిండి అయ్యాక ఆమె చెప్పింది.

"వదినా, నేనొకటనుకున్న. సంవత్సరీకానికి ఫోటో పెద్దగ చేయించి దండేస్తరు గద అందరు. మనం గట్లొద్దు. అన్న బొమ్మనే పూర్తి చేయించి ముందు రూముల పెడదాం. మాస్టరుతోని మాట్లాడిన. ఇసుక ఆయనేస్తడంట."

"సరే" అన్నాను.

ఆ ఏడు నన్ను అడిగినవాటన్నిటికీ సరే అన్నాను. గోడకు తెల్ల సున్నం వేయాలా పసుపా అని సున్నం వేసేవాడు అడిగితే కూడా సరే అన్నాను. ఏది సరే అని వాడు మళ్లీ అడగవలసి వచ్చింది. ఈ బొమ్మ విషయంలో మాత్రం ఒకటి అడిగాను, ఎప్పటిలోగా కావాలని. ఆ సంవత్సరం ఆషాఢం రెండు సార్లు వచ్చింది. అధికమాసం వల్ల తిథి రెండు వారాలు పైనే ఆలస్యంగా వస్తుంది. 1997లో మాఘ బహుళ పంచమి ఫిబ్రవరి చివరన పడుతుంది. వానకాలంలో రంగు తొందరగా ఆరదు. దసరా దాటాక మొదలు పెట్టినా పూతలకు సరిపోతుంది. ఇదంతా చెప్పాను.

"నీ లెక్కలు నువ్వు" అంది ఆడబిడ్డ. కానీ తృప్తిపడింది.

దసరా అయిన రెండో ఆదివారం మాస్టరు మా ఇంటికి వచ్చాడు. మా కిటికీ లోంచి గ్రంథాలయం వైపు పోయే సందు కనిపిస్తుంది. ఆదివారమైనా పోటీ పరీక్షల పిల్లలు పుస్తకాలు పట్టుకుని పోతున్నారు. మాస్టరు ఈజిల్‌ను మళ్లీ కిటికీ ముందు నిలబెట్టి, బొమ్మను పెట్టి, దూరంగా పోయి చూశాడు.

"సార్ మస్తు జేసిండమ్మా. గీ మంచు నాకు గూడ రాదు. సాయంత్రం ఎండ జూడుండ్రి, పొగల పసుపు కలిపినట్టున్నది."

నీళ్ల మీద, సరిగ్గా నీళ్లూ ఆకాశమూ కలిసే చోట, లేత పసుపు ఉంది. సూర్యుడు కనిపించడు. సూర్యుడు అక్కడే ఉన్నాడని తెలుస్తుంది.

అప్పుడు మా ఆడబిడ్డ సంచిలోంచి ఒక ఫోటో తీసింది. నాకు ముందుగా చెప్పలేదు. మంగినపూడిలో పెళ్లివారి అబ్బాయి తీసిన ఫోటో. మేమిద్దరం నీళ్లకు వీపు పెట్టి నిలబడి ఉన్నాం. ఆయన చేతిలో నా చెప్పులు ఉన్నాయి. ఒక కాపీ ఆమె దగ్గర ఉందని నేను మరిచిపోయాను.

"మాస్టరు గారూ, ఇసుక ఒక్కటే వేస్తె ఏమున్నది? వీళ్లిద్దరిని పెట్టుండ్రి. చిన్నగనే. మా అన్నా వదినె కలిసి చూసిన సముద్రం గద. అన్న మనసుల గూడ గదే ఉండి ఉంటది. లేకుంటె గంత జాగ ఎందుకిడుస్తడు?"

"పెట్టొచ్చమ్మా. పడవకు ఎదురుంగ పెడితె మంచిగుంటది" అన్నాడు మాస్టరు. నా వైపు చూశాడు. నేను సరే అన్నాను. టీ పెట్టడానికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి మాస్టరు బొగ్గు ముక్కతో ఖాళీ జాగా మీద మమ్మల్ని గీసేశాడు. జానెడు ఎత్తు కూడా లేము. అయినా పోలికలు వచ్చాయి. ఆయన భుజాలు కొద్దిగా వంగి ఉండడం వచ్చింది. నా చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకోవడం వచ్చింది. మా ఆడబిడ్డ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఎట్లున్నది వదినా?"

నేను టీ కప్పులు పట్టుకునే బొమ్మ వైపు చూశాను, ఫోటో వైపు చూశాను. ఫోటోలో ఇద్దరమూ కళ్లు చికిలించి ఉన్నాం. ఎండ సూటిగా మొహాల మీద పడుతోంది. నీడలు మా వెనక, నీళ్ల వైపు పోయాయి. మాస్టరు కూడా బొమ్మలో మా నుదుళ్లు, ముక్కులు తెల్లగా వదిలి, వెనక నీడ గీశాడు.

"బొమ్మల పొద్దు ఏడున్నడు?" అన్నాను.

"ఆడ్నే గదమ్మా. వెనకాల, నీళ్ల మీద."

"మరి మా మొహాల మీద ఎండ ఎవలు కొట్టిన్రు?"

మాస్టరు నవ్వాడు. ఫోటో తీసుకుని కిటికీ దగ్గర పట్టుకుని చూశాడు. "అరె, నిజమే. ఇద్దరు సూర్యులైతరు. ఏం పరేషాన్ లేదమ్మా. మొహాలు నల్లగ జేస్త. వెలుతురు వెనకకెల్లి వస్తే మనుషులు నీడ లెక్కనే కనవడతరు. నీడ ముందటికి తెస్త. ఇంకా మంచిగుంటది."

"గంతే గద! నేను భయపడ్డ" అంది ఆడబిడ్డ. "వదినా, జర ఆ టీ ఇయ్యి, చల్లారుతున్నది. నీ బడి పిల్లలకు చెప్పినట్టు చెప్పకు."

నేను టీ ఇవ్వలేదు. బందరు సముద్రం ఎటు ఉందో ఆలోచిస్తున్నాను. లెక్క చిన్నదే, కానీ ఇన్ని నెలలు వేయలేదు. బందరులో సముద్రం తూర్పున ఉంది. సాయంత్రం అక్కడ నిలబడితే ఎండ ఊరి వైపు నుంచి, తాటిచెట్ల మీద నుంచి వస్తుంది. ఫోటోలో ఉన్నది ఆ ఎండే. ఈ బొమ్మలో వెలుతురు నీళ్ల మీద ఉంది.

"ఇది సాయంత్రం గాదు" అన్నాను. "బందరుల పొద్దు సముద్రంల కుంకదు. ఆడ్నుంచి లేస్తది. ఇది పొద్దుగాల."

మాస్టరు బొమ్మ వైపు తిరిగి చూసి, మెల్లగా తల ఊపాడు. హైదరాబాదులో ఉన్నవాళ్లకు నీళ్లంటే ట్యాంక్‌బండ్, సాయంత్రమైతే పొద్దు నీళ్ల అవతల కుంకుతుంది. అదే ఎప్పుడూ చూసినది. మాస్టరుకూ, మా ఆడబిడ్డకూ, నాకూ అందరికీ అది సాయంత్రంలాగే కనిపించింది.

"ఏదైతె ఏంది?" అంది ఆడబిడ్డ. "పొద్దుగాల పోయిండ్రనుకుందాం. ఎవలొచ్చి అడుగుతరు?"

"నేను పోలే" అన్నాను.

పెళ్లి మరునాడు తెల్లవారి నేను విడిదింట్లో చాప మీద పడుకుని ఉన్నాను. లేచేసరికి ఆయన గుమ్మం దగ్గర కూర్చుని కాళ్లకు అంటిన మన్ను కడుక్కుంటున్నారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉంది. "పొద్దు ఎట్లొస్తదో చూసొచ్చిన. ఎవలో సైకిలిచ్చిన్రు" అన్నారు. బస్సు తొమ్మిదింటికి, తొందరగా తానం చేయండి అన్నాను. ఆయన ఇంకేమీ చెప్పలేదు. నేనేమీ అడగలేదు. తరువాత కూడా ఆ మాట మా మధ్య రాలేదు. నాకు గుర్తు కూడా లేదు, చేతిలో టీ చల్లారేదాకా. ఏ పూత ఎప్పుడు వేశారో రాసుకున్నదాన్ని, బొమ్మలో ఏ పూటో చూడలేదు.

"ఏం జేద్దామమ్మా?" అన్నాడు మాస్టరు.

"ఇయ్యాల వద్దు. ఉండనియ్యుండ్రి" అన్నాను.

మాస్టరు బొగ్గు ముక్కను కాగితంలో చుట్టుకుని టీ తాగి వెళ్లిపోయాడు. ఆడబిడ్డ కాసేపు కూర్చుంది. చెప్పులేసుకుంటూ గుమ్మంలో ఆగింది.

"ఒక్క పూట ముందు ఎన్కలైతె ఏమైతుండె వదినా? ఏడ్వవు. బొమ్మల గూడ నిలవడవు. ఏం మనిషివే నువ్వు?"

నేను ఖాళీ కప్పులు ఎత్తి వంటింట్లోకి తీసుకెళ్లాను.

తరువాత రెండు వారాలు ఆ బొగ్గు బొమ్మలు అలాగే ఉన్నాయి. పొద్దున లేచి ముందుగదిలోకి వచ్చేసరికి నేను కిటికీ ముందు కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఉండేదాన్ని. నాకు అందులో ఉండాలని ఉంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మాస్టరు అన్నట్టు నల్లగా, మొహాలు లేకుండా, నీళ్ల ముందు ఇద్దరం నిలబడి ఉంటే ఎవరికీ నష్టం లేదు. చూసినవాళ్లు బాగుందంటారు. ఆయన కూడా కాదనేవారు కాదేమో. ఆయన ఉంటే అడిగేదాన్ని. ఒక్కొక్కప్పుడు ఆ జాగా నా కోసమే వదిలారేమోనని కూడా అనుకున్నాను. కానీ దగ్గరికి వెళ్లి చూస్తే అలాంటి గుర్తు ఏదీ లేదు. మట్టిరంగు పూత అడ్డంగా, నున్నగా, ఒకే చేత్తో ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. మనుషుల కోసం జాగా వదిలేవాళ్లు అలా వేయరు. అది ఇసుక కోసమే.

ఒక బుధవారం పొద్దున మెత్తటి పాత ధోతి ముక్క తీసుకుని నన్ను తుడిచేశాను. బొగ్గు తేలిగ్గానే పోతుంది. ఆయన దగ్గర ఆగాను. ఆయన ఆ పొద్దున అక్కడ ఉన్నారు, అందులో అబద్ధం లేదు. ఒక్కరినీ ఉంచవచ్చు. కానీ ఆయన బొమ్మలో నీళ్లకు వీపు పెట్టి నిలబడి ఉంటే, ఎదురుగా ఇంకెవరో నిలబడి ఆయనను చూడాలి. ఆ పొద్దున ఎవరూ లేరు. సముద్రాన్ని చూసింది ఆయన. బొమ్మలో ఉన్నది ఆయన చూసినది. ఆయనను కూడా తుడిచాను. గుడ్డ నల్లగా అయింది. సబ్బు పెట్టి ఉతికి ఆరేశాను.

ఇసుక ఎవరు వేయాలన్నది మిగిలింది. మాస్టరు వేస్తే తొందరగా, బాగా అవుతుంది. నేను ఆ సాయంత్రం చిక్కడపల్లి మీదుగా నడిచి నారాయణగూడ వెళ్లి, టైలరు దుకాణం పక్క మెట్లెక్కి, నేర్చుకుంటానని చెప్పాను.

"మీరా?" అన్నాడు మాస్టరు. తరువాత స్టూలు చూపించాడు. "సారు జాగలనే కూసోండ్రి."

నేను కొంచెం పక్కనున్న స్టూలు తీసుకున్నాను. అక్కడ నేర్చుకునేవాళ్లంతా ఆడపిల్లలు, ఉద్యోగాలు చేసే కుర్రవాళ్లు. నాకు బొమ్మలు వేయడం రాదు, ఇసుక ఒక్కటి నేర్పితే చాలని చెప్పాను. ఒక పిల్ల పక్కకు తిరిగి నవ్వింది. మాస్టరు నవ్వలేదు. అట్ట ముక్కల మీద చేయించాడు. మొదట గోధుమరంగు కలిపి పూశాను. గోడకు పేడ అలికినట్టు వచ్చింది.

"తడి ఇసుక రంగు ఇసుకది గాదమ్మా, ఆకాశానిది. పైన సారు ఏం రంగులేసిండో గవే తీసుకోండ్రి. జర ముదురు జేయుండ్రి. నీళ్ల దగ్గర మెత్తగ, మన దిక్కొచ్చినకొద్ది గట్టిగ."

ఇంటికి వచ్చి ఆకాశాన్ని చూశాను. అప్పటిదాకా బూడిదరంగు అనుకున్నదాంట్లో లేత ఊదా ఉంది, పసుపు ఉంది, ఆకుపచ్చ కూడా ఉంది. బూడిదరంగు డబ్బాలో దొరకదని, నీలమూ మట్టిరంగూ తెలుపూ కలిపితే వస్తుందని, తెలుపు ఎక్కువైతే సుద్ద అవుతుందని తెలిసింది. ఆయన ఇవన్నీ నాకు చెప్పే ఉంటారు. నేను క్యాలెండరు దగ్గర ఉన్నాను.

మార్గశిరంలో మొదటి పూత వేశాను, టర్పెంటైన్ ఎక్కువగా. ఇంట్లో మళ్లీ ఆ వాసన వచ్చింది. తలనొప్పి కూడా వచ్చింది. పుష్యంలో రెండోది. ఈసారి ఆరిందా అని నేనే అడిగి నేనే చిటికెన వేలు ఆనించి చూసుకున్నాను. మాఘం మొదట్లో నూనె కలిపిన చివరి పూత వేశాను. ఇసుక గొప్పగా లేదు. ఆయన నీళ్లు ఆగిన చోట, నా ఇసుక మొదలైన చోట చెయ్యి మారిందని తెలుస్తుంది. ఆయన కుంచె ఆనించి వదిలిన చోట నేను ఒత్తి లాగాను. పొడి కుంచెతో రెండు నిమిషాల్లో కలిపేస్తానని మాస్టరు అన్నాడు. అక్కర్లేదన్నాను.

ఆ నెలల్లో మా ఆడబిడ్డ మాసికాలకు వచ్చింది కానీ ముందుగదిలో నిలబడలేదు. నేరుగా వంటింట్లోకి వచ్చేది. కూరలు తరిగేది. కావలసినంతవరకే మాట్లాడేది. నల్లకుంటలో ఎవరితోనో "మా వదినెకు బొమ్మ పగులుతదని భయం గాని, అన్న లేడని బాధ లేదు" అన్నదని నాకు తెలిసింది. బాధ ఉందో లేదో నాకే తెలియదు. ఆమె అన్నదాంట్లో మొదటి సగం నిజం.

సంవత్సరీకం నాడు బ్రాహ్మలు భోజనం చేసి వెళ్లారు. చుట్టాలు మధ్యాహ్నం దాటాక ఒక్కొక్కరే లేచారు. బొమ్మ ముందుగది గోడకు తగిలించి ఉంది. వచ్చినవాళ్లు చూశారు. మంచిగుందన్నారు. సాయంత్రం చాలా బాగా వేశారన్నారు. నేను ఎవరినీ సరిదిద్దలేదు. అందరూ పోయాక మా ఆడబిడ్డ చిక్కడపల్లిలో కొనుక్కొచ్చిన బంతిపూల దండను ఆకులోంచి తీసి, బొమ్మ దగ్గరికి వెళ్లింది.

"దండ వెయ్యకు. కింద ఇంకా తడున్నది" అన్నాను.

"ఎప్పుడు ఆరుతది?"

"ఇంకో నెల పడుతది."

ఆమె దండ పట్టుకునే నిలబడింది. చాలా రోజుల తరువాత బొమ్మను సూటిగా చూస్తోంది. పడవ చూసింది. సరుగుడు తోపు చూసింది. నా ఇసుక మీద ఈ చివర నుంచి ఆ చివరకు వెతికింది.

"నువ్వు లేవు, సరే. పొద్దుగాల పోలేదన్నవు" అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "అన్న పోయిండు గద. మరి అన్న ఏడున్నడు ఈ బొమ్మల?"

"బొమ్మల లేడు. చూస్తున్నడు. నువ్వు నిలవడ్డ జాగల్నే నిలవడి చూసిండు."

ఆమె కిందికి, తన కాళ్ల దగ్గరి గచ్చు వైపు చూసింది. తరువాత, ఎవరికో అడ్డం నిలబడిన మనిషిలాగా, పక్కకు జరిగింది.